లంబాసా ఆటగాడి గురించి మా అమ్మాయికి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ మొన్న రాత్రే చదివాను. ఫోనులో మాట్లాడితే నీకు ఏడుపు వస్తుంది, నాకు మాట తడబడుతుంది కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను. జట్టు జాబితాలో నీ పేరు లేకపోవడం నాకూ కష్టంగానే ఉంది. అంతకంటే, సెలక్షన్స్ దగ్గర ఎవరో పెద్దమనిషి "పందొమ్మిదేళ్ళకు పైకి రానివాళ్ళు ఇక రారు" అంటే నువ్వు ఆ మాట నమ్మి, బూట్లు సంచిలో పెట్టేశానని రాయడం నా మనసును ఎక్కువగా కలచివేసింది. ఆ మాటకు జవాబుగా రాయ్ కృష్ణ అనే ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి రాస్తాను. అతను నీకు తెలిసినవాడే, ఒకప్పుడు అతని పేరు వింటేనే నీకు ఒళ్ళు మండేది.

2022 మార్చి గుర్తుందా? కరోనా వల్ల ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు కనుక మనకు గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళే అదృష్టం లేక టీవీ ముందే కూర్చున్నాం. కలకత్తా జట్టు ఏటీకే మోహన్ బగాన్‌తో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో 18వ నిమిషంలోనే రాయ్ కృష్ణ మన మీద గోలు కొట్టాడు, అయినా మనవాళ్ళు తేరుకుని 3-1తో గెలిచారు. రెండో మ్యాచ్‌లో 79వ నిమిషం దాకా ఊపిరి బిగపట్టి చూస్తుండగా మళ్ళీ అతనే గోలు కొట్టాడు. రెండు మ్యాచ్‌ల మొత్తం లెక్క 3-2 అయింది. ఇంకొక్క గోలు పడితే మన ఆధిక్యం పోయినట్టే. నీ పళ్ళెంలో దోసె ముట్టకుండానే చల్లారిపోయింది. "ఈ రాయ్ కృష్ణ ఎక్కడివాడు నాన్నా? పేరు చూస్తే మనవాడిలా ఉన్నాడు, మన మీదే కొడతాడేం?" అని నువ్వు అడిగావు. మనవాళ్ళు ఆ గండం గట్టెక్కి, ఆ తర్వాత కప్పు కూడా గెలవడంతో సంతోషంలో పడి నేను నీ ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు.

అతనిది ఫిజీ. పసిఫిక్ మహాసముద్రంలో మూడు వందలకు పైగా దీవులున్న దేశమది, జనాభా మాత్రం దాదాపు తొమ్మిది లక్షలే, అంటే ఇంచుమించు మన వరంగల్ నగరమంత. అందులో రెండో పెద్ద దీవి వనువా లేవు. ఆ దీవిలోని చక్కెర మిల్లు పట్టణం లంబాసాలో 1987 ఆగస్టు 30న రాయ్ కృష్ణ పుట్టాడు. ఆ ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే లబాసా అని చదువుతాం గానీ, ఫిజీ భాషలో 'బ'కు ముందు 'మ'కార ధ్వని కలిసి పలుకుతుంది కనుక లంబాసా అనడమే సరైనది. 1879 నుంచి 1916 వరకు ఆంగ్లేయులు అరవై వేల మందికి పైగా మన దేశపు కూలీలను ఐదేళ్ళ ఒప్పందం మీద ఫిజీ చెరుకు తోటలకు ఓడల్లో తరలించారు. ఆ అగ్రిమెంటే వాళ్ళ నోట గిర్మిట్ అయింది, వాళ్ళు గిర్మిటియాలు అయ్యారు. తొలి ఓడలు కలకత్తా నుంచి వెళ్ళినా, 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ తమిళులూ మలయాళీలూ కలిసి 1926లో నాండి పట్టణంలో స్థాపించుకున్న సంగం ఈనాటికీ బడులు నడుపుతోంది, ఈస్టర్ సెలవుల్లో ఫుట్‌బాల్ పోటీలు కూడా జరుపుతోంది. పేరు చూస్తే మనవాడిలా ఉన్నాడన్న నీ మాట ఊరికే పోలేదమ్మా.

ఫిజీలో ప్రాణం పెట్టి ఆడే ఆట రగ్బీ. ఫుట్‌బాల్ మాత్రం చెరుకు పండే ఊళ్ళలో, గిర్మిటియాల సంతతి చేతుల్లో పెరిగింది. 1938లో పుట్టిన అక్కడి సమాఖ్య పేరులోనే 'ఇండియన్' అన్న మాట ఉండేది, 1960ల తొలినాళ్ళలో దాన్ని తీసేసి ఆటను అందరిదీ చేశారు. ఆ ఏర్పాటులో ఒక్కో జిల్లాకూ ఒక్కో జట్టు ఉంటుంది. నీ వయసులో రాయ్ కృష్ణ లంబాసా జట్టు కుర్రవాడు, అతని పేరు ఆ దీవులు దాటి ఎవరికీ తెలియదు. 2007లో దేశం తరఫున ఆడడం మొదలుపెట్టాడు. 2008 నవంబరు 19న లౌటోకాలో ఫిజీ 2-0తో న్యూజిలాండ్‌ను ఓడించినప్పుడు ఆ రెండు గోల్స్ అతనివే. అలాంటి రోజు తర్వాత పెద్ద క్లబ్బులు వెంటపడతాయని మనం అనుకుంటాం. అతనికి దక్కింది న్యూజిలాండ్ దేశవాళీ పోటీ, అక్కడ ఆటే పూర్తి జీవనాధారం కాదు. వైటకెరె యునైటెడ్‌లో కొన్నేళ్ళు ఆడి, తర్వాత ఆక్లండ్ సిటీలో చేరాడు.

2013 డిసెంబరులో మొరాకోలోని అగాదిర్‌లో క్లబ్ ప్రపంచకప్ తొలి మ్యాచ్ ఆక్లండ్ సిటీకి, ఆతిథ్య దేశపు రాజా కాసాబ్లాంకాకు మధ్య జరిగింది. స్టేడియమంతా ఎదుటి జట్టు అభిమానులే. సగం సమయానికి వెనకబడిన ఆక్లండ్‌కు రాయ్ కృష్ణ గోలు కొట్టి స్కోరు సమం చేశాడు, 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో ప్రత్యర్థి మరో గోలు కొట్టడంతో మ్యాచ్ మాత్రం చేజారింది. ఆ వెంటనే ఆస్ట్రేలియా ఏ-లీగ్‌లో ఆడే న్యూజిలాండ్ క్లబ్బు వెల్లింగ్టన్ ఫీనిక్స్ అతన్ని తీసుకుంది. పూర్తి వృత్తి క్రీడాకారుల లీగ్‌లో అడుగు పెట్టేసరికి అతనికి 26 ఏళ్ళు. నీ వయసు మీద ఏడేళ్ళు ఎక్కువ. మరో ఐదేళ్ళకు, 2018-19 సీజన్లో 18 గోల్స్‌తో ఏ-లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టినవాడై, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే జానీ వారెన్ పతకం అందుకున్నాడు. అప్పటికి అతనికి 31.

ఈ మధ్యలో ఒక ఆగస్టు నెల ఉంది, దాన్ని గురించి నీకు వివరంగా చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్‌కు ఫిజీ ఫుట్‌బాల్ జట్టు తొలిసారి వెళ్ళింది. న్యూజిలాండ్ అర్హత లేని ఆటగాణ్ణి ఆడించి పోటీ నుంచి తొలగింపుకు గురికావడం వాళ్ళకు కలిసొచ్చిందన్నది నిజమే, నేను దాచను. ఇరవై మూడేళ్ళ లోపువాళ్ళ జట్టులోకి పెద్ద వయసు ఆటగాళ్ళను ముగ్గుర్ని తీసుకోవచ్చన్న నియమం కింద రాయ్ కృష్ణ వెళ్ళాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 8-0. రెండో మ్యాచ్ అంతకు ముందు లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మెక్సికోతో. పదో నిమిషంలో రాయ్ కృష్ణ గోలు కొట్టాడు. సగం సమయానికి స్కోరు బోర్డు మీద ఫిజీ 1, మెక్సికో 0. తర్వాత మెక్సికో ఐదు కొట్టింది, జర్మనీ పది కొట్టింది. మూడు మ్యాచ్‌లలో ఇరవై మూడు ఇచ్చి, ఒకటి తెచ్చుకున్నారు. జర్మనీతో ఓడిన మర్నాడే ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు బ్రిటన్‌ను 43-7తో ఓడించి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం తెచ్చింది. దేశమంతా ఆ సంబరంలో మునిగింది, ఫుట్‌బాల్ ఒక మూలన పడింది. అయినా ఆ తర్వాత కూడా అతను ఫిజీ చొక్కా వేసుకోవడం మానలేదు. ఆ దేశం తరఫున అత్యధిక గోల్స్ కొట్టినవాడు అతనే. నాకు అతనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

మన దేశానికి వచ్చింది 2019లో. కలకత్తా క్లబ్బు ఏటీకే కెప్టెన్‌గా 15 గోల్స్ కొట్టి ఐఎస్ఎల్ కప్పు ఎత్తాడు, ఆ ఫైనల్ కరోనా కారణంగా ఖాళీ స్టేడియంలో జరిగింది. మరుసటి ఏడు 14, ఆ తర్వాత ఒడిశా తరఫున 36 ఏళ్ళ వయసులో 13. ఈ మూడు సీజన్లలోనూ గోల్స్ లెక్కలో పైస్థానంలో ఉన్నవాళ్ళతో సమానంగా నిలిచాడు, అత్యధిక గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ మాత్రం మూడుసార్లూ వేరొకరికే వెళ్ళింది. జాబితాలో చివరి గీత దగ్గర ఆగిపోవడం ఎలా ఉంటుందో నీకు ఇప్పుడు తెలుసు, అతనికి మూడుసార్లు తెలుసు. 2023 మార్చి ఐఎస్ఎల్ ఫైనల్లో బెంగళూరు తరఫున ఆడుతూ, మొదట్లోనే బంతి చేతికి తగిలి ప్రత్యర్థికి పెనాల్టీ ఇచ్చాడు. అలాంటి తప్పు చేసిన ఆటగాడు మిగతా మ్యాచంతా బంతికి దూరంగా దాక్కోవడం నేను చూశాను. అతను 78వ నిమిషంలో కార్నర్ బంతికి తలతో గోలు కొట్టి జట్టును 2-1 ఆధిక్యంలోకి తెచ్చాడు. చివరికి షూటౌట్‌లో ఓడిపోయారు.

ఆ పెద్దమనిషి నిన్ను ఎన్ని నిమిషాలు చూశాడో నాకు తెలియదు, నేను నిన్ను ఆరేళ్ళుగా చూస్తున్నాను. నీ పరుగు డిఫెండర్ కంటే ఒక్క క్షణం ముందే మొదలై ఆఫ్‌సైడ్ అవుతోంది. రాయ్ కృష్ణ పాత మ్యాచ్‌లు పెట్టుకుని, బంతిని వదిలేసి అతని పాదాలను మాత్రమే చూడు. పాస్ ఇచ్చేవాడు తల ఎత్తేవరకు అతను ఎలా అడ్డంగా నడుస్తాడో, ఎప్పుడు మలుపు తీసుకుంటాడో నీకే తెలుస్తుంది.

నీ స్టడ్స్ అడుగు ఊడిందని అమ్మతో అన్నావట. కొత్తవి శనివారమే కొరియర్ చేశాను, సైజు ఆరే. ఎడమ మడమ దగ్గర నీకు ఎప్పుడూ ఒరుసుకుపోతుంది కనుక, మైదానానికి వేసుకెళ్ళే ముందు రెండు రోజులు మేజోళ్ళతో గదిలోనే తిరుగు. పొట్లంలో అమ్మ చేసిన సున్నుండలు కూడా ఉన్నాయి, హాస్టల్లో అందరికీ పెట్టు.

ఇట్లు,
నాన్న