మా నాన్నను మాస్టారుగా చూసుకున్న బర్ ఊరికి కృతజ్ఞతలు

నాన్న కొండపల్లి ఇంటికి క్షేమంగా చేరారు. గన్నవరంలో దిగాక సంచి తనే మోసుకున్నారని తమ్ముడు చెప్పాడు, అదీ విరిగి అతుక్కున్న కుడిచేత్తో. మే నెలాఖరు నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్న పెదనాన్నకు, ఇద్దరు అత్తయ్యలకు, ఇబ్రహీంపట్నంలో నాన్న దగ్గర చదువుకున్న విద్యార్థులకు ముందుగా ఈ మాట చెప్పాలి. మిగతాదంతా ఇక్కడి మనుషుల గురించి.

“దేశం కాని దేశంలో, మీరిద్దరూ ఉద్యోగాలకు పోతే, చెయ్యి విరిగిన మనిషిని ఎవరు చూస్తారమ్మా?” అని చిన్నత్తయ్య ఫోనులోనే ఏడ్చింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ఇక్కడి వాళ్లకు చెప్పవలసిన కృతజ్ఞతలు ఒక్కొక్కరి గుమ్మం ముందు నిలబడి చెప్పుకున్నాను. ఎవరు చూశారో అత్తయ్యకు కూడా తెలియాలి కనుక ఇది తెలుగులో రాస్తున్నాను.

బర్ ఐర్లండ్ నడిబొడ్డున, ఆఫలీ కౌంటీలో ఉంది. నాలుగైదు వేల మంది ఉండే చిన్న ఊరు. ఊరి అంచున కోట, కోట తోటలోంచి పారే కామ్‌కర్ నది, వరసగా నిలబడ్డ పాత రాతి ఇళ్లు. నేను ఇక్కడ వృద్ధులను చూసుకునే నర్సును. అమ్మ పోయి ఏడాది తిరగలేదు, నాన్న ఒక్కరే ఆ ఇంట్లో ఎలా ఉంటారని మే నెల మధ్యలో మూడు నెలల వీసా మీద తీసుకువచ్చాం. వచ్చిన పది రోజులూ ఆయన కిటికీ దగ్గర కూర్చుని వాన చూశారు. రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటే నిద్ర పట్టడం లేదనేవారు. అమ్మ మాట ఎత్తేవారు కాదు.

పదకొండో రోజు ఒంటరిగా నడకకు వెళ్లి, నది గట్టున తడి రాళ్ల మీద జారి పడ్డారు. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లారు. నేను డ్యూటీలో ఉన్నాను, మావారు పనిమీద డబ్లిన్‌లో ఉన్నారు. కుక్కను తిప్పడానికి వచ్చిన దంపతులు ఆయనను చూశారు. నాన్నకు కంగారులో ఇంగ్లీషు రాలేదు, ఇంటి చిరునామా గుర్తుకు రాలేదు. ఆవిడ తన వానకోటు విప్పి ఆయనకు కప్పి పక్కన తడి నేల మీదే కూర్చుంది. ఆవిడ భర్త వెళ్లి ఊళ్లో నాలుగు దుకాణాల్లో “ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన ఎవరింటి మనిషి?” అని అడిగాడు. మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి నన్ను ఎరుగును. ఇరవై నిమిషాల్లో నాకు కబురు అందింది.

నేను వచ్చేలోపే మా పక్కింటి పెద్దావిడ కారు తీసి సిద్ధంగా ఉంది. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. టల్లమోర్ ఆసుపత్రికి నలభై కిలోమీటర్ల లోపు దూరం. మమ్మల్ని దింపి వెళ్లిపోతుందనుకున్నాను. అర్ధరాత్రి దాకా మాతోనే కూర్చుని, మణికట్టుకు కట్టు వేయించాక వెనక్కి తీసుకువచ్చింది. పెట్రోలు డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టింది. అమ్మా, మీకు తెలుగు రాదు, అయినా ఇక్కడ రాస్తున్నాను. ఆ రాత్రి తిరుగు దారిలో మీరు మాట్లాడకుండా కారు నడిపారు. నేను వెనక సీట్లో ఏడవగలిగాను.

మరునాటి నుంచి గుమ్మం ముందు ఏదో ఒకటి కనిపించేది. మజ్జిగ పోసి చేసే సోడా రొట్టె, గుడ్లు, కోట్లు తగిలించుకునే కొక్కెం ఒకటి. ఎడమచేత్తో అందేలా దాన్ని తక్కువ ఎత్తులో బిగించి వెళ్లింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాతో పనిచేసేవాళ్లు నా రాత్రి డ్యూటీలు ఆరు వారాలు తమలో తాము పంచుకున్నారు. వాళ్లలో ఇద్దరికి చంటిపిల్లలు ఉన్నారు. పక్కింటావిడ మధ్యాహ్నాలు వచ్చి నాన్నకు ‘ఇరవై అయిదు’ అనే పేకాట నేర్పింది. అందులో తురుపు అయిదు అన్నిటికన్నా పెద్ద ముక్క, ఆఠీను ఆసు ఏ ఆటలోనైనా తురుపే. పేకముక్క తాకని మా నాన్న రెండు వారాల్లో ఆవిడను ఓడించారు. ఆ సాయంత్రం ఆయన నవ్వు నేను ఏడాది తరువాత విన్నాను.

అసలు మార్పు షెడ్డులో వచ్చింది. ఐర్లండ్ ఊళ్లలో పెద్ద వయసు మగవాళ్లు వారానికి రెండు మూడు సార్లు కలిసి చెక్కపని చేసుకునే షెడ్లు ఉంటాయి. పని ఒక వంక మాత్రమే, మనిషి ఒంటరిగా మిగిలిపోకుండా చూసుకోవడం అసలు సంగతి. నది గట్టున కుక్కను తిప్పుతూ నాన్నను చూసిన దంపతుల్లో ఆయన ఆ షెడ్డు మనిషే. ఒక సోమవారం వచ్చి “మాకు ఒక చెయ్యి తక్కువైంది, రండి” అని నాన్నను పిలిచాడు. కట్టుతో ఉన్న మనిషిని చెయ్యి సాయానికి పిలిచారు! నేను వద్దనబోయాను. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

అక్కడ హర్లింగ్ కర్రలు చేస్తారు. హర్లింగ్ అంటే ఈ దేశపు పాత ఆట. పదిహేను మంది చొప్పున రెండు జట్లు, చివర చదునుగా వెడల్పైన కర్ర, తోలు బంతి. ఆ కర్రను యాష్ చెట్టు మొదలు నుంచే తీస్తారు. కాండం వేరుగా మలుపు తిరిగే చోట కలప గీతలు కూడా మలుపు తిరుగుతాయి. ఆ వంపు కర్ర చివరి వంపుతో కలిస్తేనే దెబ్బకు చీలిపోదు. నాన్న ఎడమచేత్తో ఉప్పుకాగితం పట్టి రుద్దుతూ, ఆ గీతల వెంట వేలు నడిపి చూపిస్తూ నాకు ఇదంతా చెప్పారు. 2012లో ఈ దేశంలో బయటపడిన తెగులుతో యాష్ చెట్లు ఎండిపోతున్నాయని, మంచి కర్ర దొరకడం కష్టమైందని చెప్పేటప్పుడు సొంత పొలం గురించి బాధపడినట్టు బాధపడ్డారు.

బదులుగా వాళ్లు ఆయనను అడిగారు, మీ ఊళ్లో ఏ చెక్క వాడతారని. కొండపల్లి మనిషిని అడగవలసిన ప్రశ్న! నాన్న బొమ్మలు చేసేవారు కాదు కానీ బొమ్మల వీధిలో పుట్టి పెరిగారు. తెల్ల పొణికి గురించి చెప్పారు. చేతిలో బరువే తెలియని ఆ చెక్కను నిప్పు సెగ మీద ఆరబెట్టడం, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం, సుద్ద పూసి రంగులు వేయడం, అన్నీ చెప్పారు. మరుసటి వారం వాళ్లలో ఒకాయన చింతగింజలు ఎక్కడ దొరుకుతాయని నన్ను అడిగాడు. టల్లమోర్‌లోని తెలుగు కుటుంబం చింతపండు పొట్లాల్లోంచి గింజలు ఏరి పంపింది. షెడ్డులో మక్కు తయారైంది. దానితో అతికిన చిన్న కుర్చీ కాలు ఇంకా ఊడలేదు.

అప్పటికే వాళ్లు ఆయనను మాస్టర్ అని పిలుస్తున్నారు. ఐర్లండ్ పల్లెల్లో బడిపంతులును అలాగే పిలిచేవారట. మాకూ అంతే, మేం మాస్టారు అంటాం అని నాన్న దిద్దారు. మూడు రోజుల్లో షెడ్డంతా “మాస్టారూ” అని దీర్ఘం తీసింది.

షెడ్డులో అందరికన్నా పెద్దాయన ఒకప్పుడు కోట తోటలో పనిచేశారు. ముందుగా చెప్పకుండా ఒక రోజు నాన్నను అక్కడికి తీసుకువెళ్లారు. బర్ కోట తోటలో రెండు ఎత్తైన రాతి గోడల మధ్య వేలాడే ఒక పెద్ద గొట్టం ఉంది. 1845లో రాస్ ప్రభువు విలియం పార్సన్స్ కట్టించిన దూరదర్శిని అది. అద్దం అడ్డుకొలత 6 అడుగులు. 1917 వరకు ప్రపంచంలో అంతకన్నా పెద్దది లేదు. ఆ అద్దం గాజు కాదు, రాగి తగరం కలిపి పోత పోసిన లోహం, మన కంచు గ్లాసుకు దగ్గరి చుట్టం. చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన టర్ఫ్‌తో కొలిమి మండించి, ఈ ఊళ్లోనే పోశారు. ఆ వసంతంలోనే దీనిలోంచి చూసి, ఒక నీహారిక సుడి తిరిగి ఉందని రాస్ ప్రభువు బొమ్మ గీశారు. అంతకుముందు ఆ సుడిని ఎవరూ గుర్తించలేదు. అదే ఏడు బంగాళాదుంప తెగులు మొదలై కరువు వచ్చింది. కరువులో పది లక్షల మంది పోయారు. ప్రభువు దూరదర్శినిని పక్కన పెట్టి జనాన్ని ఆదుకునే పనిలో పడ్డారు.

ముప్ఫై నాలుగేళ్లు మా నాన్న బోర్డు మీద ఆ సుడి గీశారు. సుద్దముక్క అడ్డంగా పెట్టి ఒక్క తిప్పుతో గీసేవారు, నేనూ ఆ తరగతిలో కూర్చున్నాను. దాన్ని మొదట ఎక్కడ చూశారో ఆయనకు తెలియదు. ఆ పెద్దాయన చెబుతుంటే నాన్న మాట్లాడలేదట. దగ్గరకు వెళ్లి, కట్టు లేని అరచెయ్యి గోడ మీద ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారట. తరువాత చిన్నగా “మా ఆవిడకు చెప్పాలి” అన్నారట, తెలుగులో. పెద్దాయనకు మాట అర్థం కాలేదు, విషయం అర్థమైంది. ఆయన భార్య కూడా లేదు. ఇద్దరూ అక్కడి బెంచీ మీద గంట కూర్చుని వచ్చారు. ఆ రాత్రి నాన్న అమ్మ గురించి మొదటిసారి మాట్లాడారు.

ఆ ప్రభువు చిన్న కొడుకు చార్లెస్ పార్సన్స్ ఈ కోటలోనే పెరిగాడు. 1884లో ఆవిరి టర్బైన్ తయారు చేసింది అతనే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాల కింద పాఠాలు చెప్పిన మనిషికి ఈ మాట చెబితే ఊరుకుంటారా! అక్కడ ఇంజినీరుగా ఉన్న పాత విద్యార్థికి కోట నుంచే ఫోను చేశారు. మన దగ్గర అప్పుడు రాత్రి పది దాటింది. “ఒరేయ్, నువ్వు రోజూ తిప్పే చక్రం ఈ ఇంటి పిల్లవాడిదిరా” అన్నారు. నిద్రలోంచి లేపినందుకు బాబూ, నాన్న తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

హర్లింగ్ మైదానం వాళ్లకు వేరే చెప్పాలి. అఖిల ఐర్లండ్ హర్లింగ్ పోటీల మొట్టమొదటి ఫైనల్ ఈ ఊళ్లోనే, 1888 ఏప్రిల్ 1న జరిగింది. గాల్వే జట్టు మీద టిప్పరరీ జట్టు గెలిచింది. అప్పుడు జట్టుకు ఇరవై ఒక్క మంది. బర్ క్లబ్బు నాలుగు సార్లు అఖిల ఐర్లండ్ క్లబ్ విజేత, చివరిది 2003లో. అంత పేరున్న చోట పిల్లలకు నేర్పేవాళ్లు జీతం తీసుకోరు, ఆడేవాళ్లూ తీసుకోరు. సాయంత్రాలు నాన్న గట్టున కూర్చునేవారు. ఒక పాప వచ్చి, బంతి ఒక్కో చోట తగిలితే చెయ్యి జివ్వుమంటుంది, ఒక్కో చోట అసలు తెలియదు, ఎందుకు అని అడిగింది. శిక్షకుడు ఆట ఆపి “మాస్టర్ చెబుతారు” అన్నాడు. నాన్న కర్రను దారంతో గోలు స్తంభానికి వేలాడదీసి, చిన్న పుల్లతో కొడుతూ కిందికి వచ్చారు. ఒక చోట కొట్టినప్పుడు పైన పట్టు కదలలేదు. అక్కడ సుద్దతో గుర్తు పెట్టారు. ఆ తరువాత పది మంది పిల్లలు తమ కర్రలకూ గుర్తు పెట్టమని వరస కట్టారు. ఆ శిక్షకుడికి నా నమస్కారం. మా నాన్నకు తరగతి గది తిరిగి ఇచ్చింది ఆయనే.

గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయికి కూడా. సుమారు 1200 ఏళ్ల క్రితం ఈ ఊరి మఠాధిపతి మాక్‌రెగోల్ రాసిన సువార్త గ్రంథం నకలు అక్కడ ఉంది. దాన్ని నాన్నకు చూపించి, 697లో ఈ ఊళ్లో జరిగిన సభ గురించి చెప్పింది. యుద్ధంలో ఆడవాళ్లను, పిల్లలను, మతగురువులను చంపకూడదని అడమ్నాన్ అనే మఠాధిపతి పెట్టిన చట్టానికి ఆ సభలో రాజులు ఒప్పుకున్నారు. నేను ఆరేళ్లుగా ఈ వీధుల్లో నడుస్తున్నాను, నాన్న చెప్పేదాకా నాకు ఇది తెలియదు.

ఇక్కడి భాషలో మెహల్ అనే మాట ఉంది. కోతల కాలంలో ఇరుగుపొరుగు అందరూ ఒకరి పొలానికి ఒకరు వెళ్లి పని చేసిపెట్టడం. మన బదులు పద్ధతే అని నాన్న చెబితే షెడ్డులో వాళ్లు తలలు ఊపారు. నేను తీర్చవలసిన బదులు ఏమిటని పక్కింటావిడను అడిగాను. చలికాలంలో తన గుమ్మం ముందు మంచు పడితే ఉప్పు చల్లమంది. చల్లుతాను, చలికాలం ఉన్నన్ని రోజులు.

టల్లమోర్, అత్లోన్ తెలుగు కుటుంబాలకు కూడా ఎంతో రుణపడ్డాం. వారం వారం పప్పు, పచ్చళ్లు, ఇడ్లీ పిండి మోసుకొచ్చారు. నాన్న కొండపల్లి నుంచి పంపిన పెట్టె ఈ ఉదయం వచ్చింది. ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, దశావతారాల జత, ఇంకా విడిగా పొణికి చెక్క ముక్క ఒకటి. ప్రతి దానికీ దారంతో చీటీ కట్టి, ఎవరికో ఇంగ్లీషులో రాసి, కింద ‘మాస్టారు’ అని తెలుగులో సంతకం చేశారు. చెక్క ముక్క మీది చీటీలో షెడ్డు అని ఉంది. సోమవారం పదకొండింటికి, వాళ్లు టీ పెట్టుకునే వేళకు, తీసుకువెళ్లి ఇస్తాను.