ఆ నాలుగు ఇంజన్లూ తిరిగి నెల్లూరు పంపండి

మా దగ్గర అయిదు అంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) చిన్న ఆవిరి రైలు ఇంజన్లు తీసుకున్న వాళ్లలో ఇద్దరు ఈ నెలలో ఒకే సంగతి చెప్పారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజెక్టర్ (ఆవిరి బలంతో బాయిలర్లోకి నీళ్లు తోసే పరికరం) పట్టడం లేదు, నీళ్లన్నీ కిందకే కారిపోతున్నాయి అని. దాని లోపలి సన్నని కోన్లలో నలక పడిందేమో, విప్పి కడగండి అన్నాను. ఆ సలహా తప్పు. లోపం ఇంజెక్టర్‌లో లేదు, దానికి ఆవిరి ఇచ్చే వాల్వు నేను పెట్టిన చోట ఉంది.

ఈ నాలుగు బాయిలర్లకి ఇంజెక్టర్, బ్లోయర్ (నిప్పు రాజేసే ఆవిరి ఊదుడు), విజిల్ వాల్వుల ఆవిరిని బాయిలర్ వెనక, డ్రైవరు వైపు పలకకి రంధ్రం పెట్టి నేరుగా తీశాను. డోమ్ (బాయిలర్ పైన పొడి ఆవిరి చేరే బుడిపె) దాకా లోపల గొట్టం వేయాలంటే ఇంకో రోజు పని అని మానేశాను. చదును పట్టాల మీద నడిపి చూసి, బాగుందనుకున్నాను. చిమ్నీ ముందుకు పెట్టి ఎత్తు ఎక్కితే బాయిలర్లో నీళ్లు వెనక్కి జరిగి ఆ రంధ్రం దాకా వస్తాయి. ఆవిరితో పాటు నీళ్లూ వెళ్తే ఇంజెక్టర్ పనిచేయదు. ఒత్తిడి గేజి మాత్రం ఎప్పటిలాగే 80 పౌండ్లు చూపిస్తుంది. ఒత్తిడి ఎంతో చెబుతుంది గానీ ఆవిరి పొడిగా ఉందో లేదో చెప్పదు.

బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేసిన పెద్దాయన ఒకరు నా డ్రాయింగ్ చూడగానే అక్కడే వేలు పెట్టారు. "ఇంత కింద నుంచి తీశావేందబ్బాయా?" అన్నారు. ఇంకో తప్పు కూడా చూపించారు. ఒత్తిడి ఎక్కువైతే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు డోమ్ పక్కనే ఉంది. అది తెరుచుకున్నప్పుడు అక్కడి నీళ్లు పైకి పొంగి, రెగ్యులేటర్ (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వు) గుండా సిలిండర్లోకి పోవచ్చు. నీళ్లు నొక్కితే అణగవు కాబట్టి సిలిండర్ మూత పగలొచ్చు, రాడ్ వంగొచ్చు. కొత్త బాయిలర్లలో దాన్ని దూరం జరుపుతున్నాను.

మీ ఇంజన్లకి డోమ్ పైభాగం నుంచి వాల్వుల దాకా లోపల రాగి గొట్టం వేస్తాను. డోమ్ మూత తీస్తే లోపలికి అందుతుంది, మళ్లీ వెండి టంకం పెట్టనక్కర్లేదు. తర్వాత 120 పౌండ్ల నీటి ఒత్తిడితో పరీక్షించి పంపుతాను. రానూ పోనూ రవాణాతో సహా ఖర్చంతా నాదే. ఫిర్యాదు చేయని ఇద్దరూ కూడా పంపండి.

అప్పటిదాకా బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్లు సగానికి మించనివ్వకండి, రెగ్యులేటర్ ఒక్కసారిగా లాగకండి. నీళ్లకి చేతి పంపునే నమ్ముకోండి. గొట్టంలో నీళ్లు కనిపించకపోతే వెంటనే నిప్పు కిందకి దించేయండి, ఫైర్‌బాక్స్ (నిప్పు మండే పెట్టె) పైకప్పు నీళ్లలోంచి బయటపడితే ప్రమాదం. ఉప్పు బోరు నీళ్లు పోయకండి, నురగ కట్టి ఇదే జబ్బు వస్తుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి.

ఈ పని అయ్యేదాకా కొత్త ఆర్డర్లు నెలన్నర ఆలస్యమవుతాయి. ఆగలేని వాళ్లకి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.