బేస్‌మెంటు గుంతకు మూత, మూతకు గాలి గొట్టం

సంపాదకుల వారికి,

ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడితే చెన్నైలో బేస్‌మెంటు గోడలకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించే హడావిడి మొదలవుతుంది. వేళచ్చేరి, మడిపాక్కం లాంటి పల్లపు చోట్ల బేస్‌మెంటును జిమ్ముగానో, పిల్లల గదిగానో మార్చుకున్నవాళ్లకు ఈ ఖర్చు మరీ ఎక్కువ. (పార్కింగుకని అనుమతి తీసుకుని గది కట్టుకోవడం వేరే తగువు.) ఆ గది మూలన ఊటనీరు చేరే, మోటారుతో తోడే గుంత మాత్రం ఇనుప జాలీ మూతతోనే ఉండిపోతుంది. గోడలకు ఎన్ని కోటింగులు వేసినా చెమ్మ, వాసన, దోమలు అక్కణ్ణుంచి వస్తూనే ఉంటాయి.

ముందు గుంతకు గాలి చొరబడని మూత వేయాలి. మందపాటి ఫైబర్ పలక, దాని కింద రబ్బరు పట్టీ, చుట్టూ బోల్టులు చాలు. సిమెంటుతో పూడ్చేస్తే మోటారు చెడిన రోజున పలుగు తీసుకోవాల్సిందే. వైర్లు దూరే చోట సిలికాన్ పట్టించాలి. ఇలా మూశాక గాలి గొట్టం తప్పనిసరి. మోటారు నీళ్లు తోడుతుంటే ఆ చోటికి గాలి రావాలి, ఊట నిండుతుంటే గాలి బయటికి పోవాలి. 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాన్ని, లోపల పట్టే తడి తిరిగి గుంతలోకే జారేలా వాలు పెట్టి, కిటికీలకు దూరంగా బయటికి తీసి, చివర వంపు తిప్పి దోమల జాలీ కట్టాలి. బాత్రూము నీళ్లు కూడా అదే గుంతలో పడుతుంటే గొట్టం మేడ పైదాకా వెళ్లాలి.

మోటారుకూ నాన్‌రిటర్న్ వాల్వుకూ (తోడిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) మధ్య, గుంత లోపలి భాగంలో, నీళ్లు తోడే గొట్టానికి 3 మిల్లీమీటర్ల బెజ్జం ఉండాలి. లేకపోతే గాలి ఇరుక్కుని మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు ఎక్కవు. పాపం, దాన్ని లీకనుకుని పూడ్చేసే ప్లంబర్లూ ఉన్నారు.

గోడ తడి ఊటదా, గాలిదా అన్నది తేల్చుకోకుండా పెయింటు కొనకండి. అడుగున్నర ప్లాస్టిక్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడిస్తే ఊట, గదివైపు తడిస్తే గాలిలోని తేమ. రెండోదైతే ఎగ్జాస్టు ఫ్యాను మేలు చేయదు; బయటి తేమగాలినే లోపలికి రప్పిస్తుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఆ గాలి 26 డిగ్రీల దగ్గరే నీరవుతుంది; ఏసీతో 24కు చల్లబడిన గోడ మీద అది చెమర్చక మానదు. వానరోజుల్లో తలుపులు మూసి డీహ్యుమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) నడిపి తేమను 60 శాతం లోపు ఉంచాలి.

కరెంటు పోయేదీ వానలోనే. కాబట్టి కాస్త ఎత్తులో వేరే ఫ్లోటుతో (నీటిమట్టం పెరిగితే మోటారును నడిపే స్విచ్చు) రెండో మోటారు పెట్టి, దాన్ని ఇన్వర్టరుకు కలపాలి. బిల్డర్లు ఫ్లాటు అప్పగించేటప్పుడు గుంత, గాలి గొట్టం, వాల్వు ఎక్కడున్నాయో చూపే నక్షా అసోసియేషన్‌కు ఇవ్వాలి.

ఒక సివిల్ ఇంజినీరు,
చెన్నై