సగం దగ్గర తినే పండు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో, జీవులను పెంచి ఒకదానితో ఒకటి పోరాడించే పోకెమాన్ వీడియో ఆటల మీద వచ్చిన వ్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆసక్తిగా చదివాను. అందులో సిట్రస్ బెర్రీ అనే పండు సంగతి రెండు వాక్యాల్లో ముగిసిపోయింది. దెబ్బతిన్న జీవికి అది 30 హెచ్‌పీ (ప్రాణబలం పాయింట్లు) తిరిగి ఇస్తుందని మొదటి వాక్యంలోనూ, దుకాణంలో కొనే పోషన్‌కు బదులుగా చెట్టు మీద కాసే మందు లాంటిదని రెండో వాక్యంలోనూ రాశారు. మొదటి మాట ఒకప్పుడు నిజమే కానీ 2006 తర్వాత వచ్చిన ఆటలకు వర్తించదు. రెండో మాట మాత్రం ఎప్పుడూ నిజం కాదు. ఈ రెండో పొరపాటే పెద్దది కనుక ముందు దాని గురించి రాస్తాను.

పోరాటం మధ్యలో పోషన్ వాడాలంటే ఆటగాడు ఆ వంతును, అంటే దెబ్బ వేసే తన అవకాశాన్ని, వదులుకోవాలి. మన జీవికి 20 హెచ్‌పీ రాగానే ఎదుటి జీవి మరో దెబ్బ వేస్తుంది, చాలాసార్లు ఆ దెబ్బకే వచ్చిన బలమంతా పోతుంది. సిట్రస్ బెర్రీ అలా పనిచేయదు. పోరాటానికి ముందే దాన్ని జీవి చేతికి ఇచ్చి పంపుతాం. ప్రాణబలం సగానికి గానీ అంతకన్నా కిందికి గానీ పడిన క్షణాన ఆ జీవి తనంతట తానే పండు తింటుంది, మన వంతు మనకు మిగిలే ఉంటుంది. సంచిలోంచి తీసి చేతులారా తినిపించే వీలు కూడా ఉన్నమాట నిజమే గాని, అలా వాడితే అది పోషన్‌తో సమానమే అవుతుంది. పైగా ఇద్దరు ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీల్లో సంచిలో చేయి పెట్టడానికే వీల్లేదు. అక్కడ పోషన్‌కు చోటు లేదు, పండుకు ఉంది. ఒకదానికి బదులు మరొకటి అనదగిన వస్తువులు కావివి.

ఇక అంకె సంగతి. 1996లో జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం మీద వచ్చిన మొదటి ఆటల్లో జీవుల చేతికి వస్తువులు ఇచ్చే పద్ధతే లేదు. 1999 నవంబరులో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటలు ఆ పద్ధతినీ, దానితోపాటు పండ్లనూ తెచ్చాయి. అప్పట్లో 10 హెచ్‌పీ ఇచ్చే పండు పేరు ఉత్త బెర్రీ, 30 ఇచ్చేదాని పేరు గోల్డ్ బెర్రీ. 2002లో రూబీ, సఫైర్ ఆటలు వచ్చాక ఆ స్థానాల్లోకి ఓరాన్ బెర్రీ, సిట్రస్ బెర్రీ వచ్చాయి. పండ్లను నేలలో నాటి, నీళ్లు పోసి పెంచుకునే ముచ్చట కూడా అప్పుడే మొదలైంది. (పెచా అనే మరో పండు పేరులో పీచ్‌నూ, ఓరాన్‌లో ఆరెంజ్‌నూ పోల్చుకోవడం కష్టం కాదు. సిట్రస్ మాత్రం నిమ్మజాతి మొత్తాన్నీ ఒక్క పేరులో మూటగట్టుకుంది.) పేర్లు మారినా లెక్క మారలేదు. ఓరాన్‌కు 10, సిట్రస్‌కు 30. మీ వ్యాసకర్త ఆగిపోయింది ఈ మజిలీ దగ్గరే.

ఆ 30 ఎంత విచిత్రమైన అంకెనో చూడండి. ఐదో లెవెల్‌లో ఉన్న చిన్న జీవికి మొత్తం ప్రాణబలం 20 చిల్లర ఉంటుంది. దానికి ఓరాన్ బెర్రీ ఇచ్చే 10 అంటే దాదాపు సగం ప్రాణం. అదే వందో లెవెల్‌కు చేరి, పూర్తిగా బలిసిన స్నోర్లాక్స్ అనే భారీ జీవికి 524 ఉంటుంది. దానికి సిట్రస్ ఇచ్చే 30 నూటికి ఆరు పాళ్లు కూడా కాదు. అంటే జీవి ఎదిగేకొద్దీ పండు చిక్కిపోతూ వచ్చింది. ఆట మొదట్లో వరమనిపించిన వస్తువు చివరికి వచ్చేసరికి చేతిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అన్నట్టు మిగిలింది. 2006 సెప్టెంబరులో డైమండ్, పర్ల్ ఆటలు ఈ చిక్కును ఒక్క మార్పుతో విప్పాయి. అప్పటి నుంచి సిట్రస్ బెర్రీ మొత్తం ప్రాణబలంలో నాలుగో వంతు ఇస్తోంది. పైన చెప్పిన స్నోర్లాక్స్‌కే ఇప్పుడు 131 వస్తుంది. ఓరాన్‌ను మాత్రం 10 దగ్గరే ఉంచేశారు. అది సరైన పనే అని నా అభిప్రాయం, ఎందుకంటే పసి జీవులకు అంతకన్నా ఎక్కువ అక్కరలేదు.

అయితే నాలుగో వంతు అన్నంత మాత్రాన పండు విలువ తేలిపోదు. పోటీల్లో వాడే యాభయ్యో లెవెల్‌లో స్నోర్లాక్స్ ప్రాణబలం గరిష్ఠంగా 267, పండు ఇచ్చేది 66. ఎదుటివారి దెబ్బ ఒక్కోటి 140 చొప్పున తీస్తుందనుకుందాం. పండు లేకపోతే రెండో దెబ్బకు స్నోర్లాక్స్ కూలుతుంది. పండు ఉంటే మొదటి దెబ్బ తర్వాత 127 మిగిలి, పండు తిని 193కు చేరి, రెండో దెబ్బ తిన్నాక కూడా 53తో నిలబడుతుంది. ఆడే వంతు ఒకటి అదనంగా కలిసివచ్చిందన్నమాట. ఇప్పుడు దెబ్బను 130కి తగ్గించి చూడండి. మొదటి దెబ్బకు 137 మిగులుతుంది, అది సగం కన్నా ఎక్కువ కనుక పండు కదలదు. రెండో దెబ్బకు 7 మిగిలి, పండు తిని 73కు చేరినా, మూడో దెబ్బకు కూలుతుంది. పండు లేకపోయినా కూలేది ఆ మూడో దెబ్బకే. అదే పండు, అదే 66. ఒకచోట ఆడే వంతు ఒకటి సంపాదించి పెట్టింది, మరోచోట ఏమీ చేయలేదు. ఎంత ఇస్తుందన్న ప్రశ్నకన్నా ఏ దెబ్బల మధ్య తింటుందన్న ప్రశ్నే ముఖ్యమని నేను అనడం ఇందుకే.

ఈ సంగతి నాకు మొదట తెలిసివచ్చింది నా తెలివితక్కువతనం వల్లే. స్నోర్లాక్స్‌కు బెల్లీ డ్రమ్ అనే విద్య ఉంది. అది తన ప్రాణబలంలో సగం వదులుకుని, దాడిబలాన్ని ఒక్కసారిగా గరిష్ఠానికి తెచ్చుకుంటుంది. సగం పోతుంది కాబట్టి వెంటనే పండు తింటుందని, నేనేదో ఎవరికీ తోచని ఉపాయం కనిపెట్టానని మురిసిపోయి, 267 ఉన్న స్నోర్లాక్స్ చేతికి సిట్రస్ ఇచ్చి తమ్ముడి మీదికి పంపాను. అది పొట్ట మీద డోలు వాయించుకుంది. 133 పోయాయి, 134 మిగిలాయి, పండు మాత్రం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆటలోనే లోపముందని నేను వాదిస్తుంటే, తమ్ముడు కాగితం మీద 267ను రెండుతో భాగించి నా ముందు పెట్టాడు. 133న్నర. నా దగ్గర మిగిలింది దానికన్నా అర పాయింటు ఎక్కువ. తర్వాత శిక్షణలో ఒక్క పాయింటు తగ్గించి 266 చేశాను. ఇప్పుడు డోలు వాయిస్తే సరిగ్గా 133 మిగులుతుంది, పండు తిని 199కి చేరుతుంది. ఒంట్లో ఒక పాయింటు తక్కువ ఉండడం మేలు చేసే సందర్భం మరే వస్తువుతోనైనా ఇంత స్పష్టంగా కనబడుతుందా అంటే నాకు అనుమానమే.

సిట్రస్‌కు గట్టి పోటీ కూడా ఎదురైంది. ఫిగీ, వికీ, మాగో, అగువావ్, ఇయాపాపా అనే అయిదు పండ్లు 2002 నుంచే ఉన్నాయి గాని, అవి ఇచ్చేది ఎనిమిదో వంతే. పైగా తినే జీవి స్వభావానికి ఆ రుచి పడకపోతే దానికి తికమక పుడుతుంది. 2016లో సన్, మూన్ ఆటల్లో వీటిని ఏకంగా సగం ప్రాణబలం ఇచ్చేలా పెంచి, అందుకు మారుగా నాలుగో వంతుకు పడ్డాకనే తినాలన్న నియమం పెట్టారు. గ్లట్టనీ అనే తిండిపోతు గుణం ఉన్న జీవులు మాత్రం వాటిని సగం దగ్గరే తినేస్తాయి. ఆ గుణం స్నోర్లాక్స్‌కూ ఉండగలదు. దాంతో డోలు వాయించడానికి ఖర్చయిన సగమూ అక్కడికక్కడే తిరిగి వచ్చేది. రీసైకిల్ అనే విద్యతో తినేసిన పండును మళ్లీ తెచ్చుకునే వెసులుబాటు కూడా ఉండడంతో ఎదుటివారి పాట్లు చెప్పనలవి కాకుండా పోయాయి. 2019లో వచ్చిన సోర్డ్, షీల్డ్ ఆటల్లో ఈ సగాన్ని మూడో వంతుకు దించారు. దించక తప్పని పరిస్థితి అది. మామూలు జీవి చేతికి మాత్రం ఇప్పటికీ నేను సిట్రసే ఇస్తాను. నాలుగో వంతు దాకా ఆగే పండు, ఆ హద్దు దగ్గర ఆగకుండా ఒకేసారి సున్నాకు పడిపోయే జీవిని కాపాడలేదు. సగం దగ్గర తినే పండుకు అవకాశం ముందే వస్తుంది.

ఎదుటివారు చేతులు కట్టుకుని కూర్చోరన్నది వేరే విషయం. నాక్ ఆఫ్ అనే విద్యతో పండును కొట్టి పడేస్తారు, బగ్ బైట్ అనే విద్యతో లాక్కుని తామే తినేస్తారు, అన్‌నర్వ్ గుణమున్న జీవిని ఎదురుగా నిలబెట్టి అసలు తినకుండానే ఆపుతారు. ప్రపంచ పోటీల నిబంధనల ప్రకారం ఒక జట్టులో ఏ వస్తువైనా ఒక్కటే ఉండాలి గనుక, ఉన్న ఒక్క సిట్రస్‌నూ ఎవరి చేతికి ఇవ్వాలన్నది ప్రతి జట్టుకూ పరీక్షే. 2014లో వాషింగ్టన్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ దాన్ని పచిరిసు అనే చిన్న ఉడుత చేతికి ఇచ్చాడు. మిత్రజీవి మీద పడాల్సిన దెబ్బలను తన మీదికి తిప్పుకోవడమే ఆ ఉడుత పని. ఎదుటివారిని పడగొట్టే జీవికి కాక, దెబ్బలు కాసే జీవికి పండు ఇవ్వడంలోనే అతని లెక్క ఏమిటో తెలుస్తుంది.

కాబట్టి ఆ వ్యాసం తర్వాతి భాగం వచ్చినప్పుడు 30 హెచ్‌పీ అన్నచోట నాలుగో వంతు అని సవరించవలసిందిగానూ, సగానికి పడగానే జీవి తనంతట తానే ఈ పండు తింటుందన్న వాక్యాన్ని చేర్చవలసిందిగానూ వ్యాసకర్తకు నా తరఫున మనవి చేయండి. రెండింటికీ చోటు చాలకపోతే అంకెను వదిలేసినా ఫరవాలేదు, రెండోది మాత్రం తప్పక చేర్చమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు