ఆ బెల్లు చప్పుడే అసలు కథ సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ పేపర్లో పాత దూరదర్శన్ సీరియల్స్ మీద వేసిన పేజీ చూశాను, డిటెక్టివ్ సీరియల్ బ్యోమకేష్ బక్షీ పేరు కనపడగానే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చదివా, తీరా చూస్తే "రాస్తే కా కాంటా" (దారిలో ముల్లు) ఎపిసోడ్ గురించి రాసిన నాలుగు లైన్లలో హంతకుడు సైలెన్సర్ తుపాకీతో హత్యలు చేస్తాడని ఉంది. అదేంటండీ? రాసినవాళ్ళు ఎపిసోడ్ చూశారా, ఎవరో చెప్తే విని రాసేశారా?

అందులో బుల్లెట్టే లేదు. ఉన్నది గ్రామఫోన్ పిన్ను. కలకత్తా రోడ్ల మీద నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు, చుట్టూ జనమే, ఎవరికీ ఏమీ కనపడదు, పోస్ట్‌మార్టం చేస్తే గుండెలో పిన్ను. ఒకాయన మాత్రం జేబులో గడియారం ఉండబట్టి బతికిపోతాడు. ఆ టైంలో ఏమైనా చప్పుడు విన్నారా అని బ్యోమకేష్ గుచ్చి గుచ్చి అడిగితే సైకిల్ బెల్లు సంగతి బయటికొస్తుంది. ఆయుధం అదే! బెల్లులోపల స్ప్రింగు, అది పిన్నుని వదుల్తుంది, ట్రింగుమన్న మోతలో స్ప్రింగు చప్పుడు కలిసిపోతుంది, అయినా బెల్లు కొట్టుకుంటూ పోయే సైకిలు మీద ఎవరికి డౌటొస్తుంది చెప్పండి. 1930ల్లో శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన కథ ఇది. బాసు ఛటర్జీ దాన్ని ఏ హడావుడీ లేకుండా తీశారు, బ్యోమకేష్‌గా వేసిన రజిత్ కపూర్ అయితే పంచె కట్టుకున్న పక్కింటాయన లాగే ఉంటాడు.

మాది నల్లకుంట. 1993లో నేను తొమ్మిదో క్లాసు, బొమ్మ సరిగ్గా రాకపోతే మా అన్నయ్య డాబా ఎక్కి యాంటెనా దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్ వైపు తిప్పుతూ "వచ్చిందా" అని అరిచేవాడు, పాపం సగం సీన్లు వాడు చూడనేలేదు. ఆ ఎపిసోడ్ తర్వాత కొన్నాళ్ళు శంకర్ మఠం దగ్గర రోడ్డు దాటేటప్పుడు పాలబ్బాయి బెల్లు కొట్టినా సరే పుస్తకాల సంచి గుండెకి అడ్డం పెట్టుకునేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేస్తే మా అబ్బాయి ఫోన్ చూసుకుంటూ స్లోగా ఉందన్నాడు, బెల్లు సంగతి తేలేసరికి "అమ్మా కొంచెం వెనక్కి పెట్టు" అంటాడు, దూరదర్శన్‌లో వెనక్కి ఎలా పెడతాంరా.

ఇంకోటి, ఫొటో కింద హంతకుడెవరో కూడా వేసేశారు. నువ్వూ ఆయుధం చెప్పేశావుగా అంటారేమో, మీరు తప్పు రాశారు కాబట్టి చెప్పాల్సొచ్చింది, పేరు మాత్రం నా నోట రాదు.

అసలు ఆ కేసు మొదలయ్యేదే పేపర్లో వచ్చిన చిన్న ప్రకటనతో. మీ దారిలో ముల్లు తీసేయాలంటే శనివారం ఫలానా చోట దీపస్తంభం మీద చెయ్యేసి నిలబడండి అని. అసలు వార్తలు ప్రకటనల్లోనే ఉంటాయంటాడు బ్యోమకేష్, మా నాన్న కూడా అంతే, హెడ్డింగులు వదిలేసి ముందు అద్దె ఇళ్ళు, పెళ్ళి సంబంధాల పేజీ తీసేవారు, ఇప్పుడు నాకూ అదే అలవాటు. కాబట్టి సవరణ వేస్తే ఆ పేజీలో ఓ మూల వేయండి, నేను కచ్చితంగా చూస్తా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్