బస్తా కింద చెయ్యి

చిత్తూరు,
శనివారం రాత్రి

చిన్నోడా,

ఆ రోజు ఫోన్లో నువ్వు "నాన్నా, నేను గే" అన్నప్పుడు నా నోట మాట రాలేదు. "సరే, అన్నం తిన్నావా" అని ఫోన్ మీ అమ్మకు ఇచ్చేశాను. పదిహేను రోజులైంది. నా మౌనం నీకు ఎట్లా తగిలిందో ఇప్పుడు తెలుస్తోంది. తప్పు నాదే. ఫోన్ చేస్తే మళ్లీ గొంతు పట్టేస్తుందని ఇట్లా రాస్తున్నా.

నువ్వు ఎప్పుడో పంపిన వీడియోలు నిన్న మండి నుంచి వచ్చాక చూశాను, ఆ అమెరికా స్ట్రాంగ్‌మ్యాన్, అదే, భారీ బరువులెత్తే పోటీల మనిషి, రాబ్ కియర్నీవి. రంగురంగుల జుట్టు చూసి మొదట కొత్తగా అనిపించింది. లాగ్ పట్టుకున్నాక ఇంక జుట్టు గుర్తులేదు. ఇనుప దుంగ, లోపల పిడులు. నేల మీద నుంచి తొడల మీదికి లాక్కున్నాడు, అక్కడ ఒక్క క్షణం ఆగాడు, రొమ్ము మీదికి దొర్లించాడు, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో తల పైకి ఎత్తేశాడు. మేం బస్తా ఎత్తేదీ అట్లాగే కదరా! ముందు తొడ, తర్వాత రొమ్ము, ఆపైన భుజం. ఉత్త చేతుల బలంతో లేపబోతే నడుం పోతుంది. మా బస్తా 50 కిలోలు, అతని లాగ్ 200 దాటింది. ఐదడుగుల పది అంగుళాల మనిషి, ఆ పోటీల్లో పొట్టివాడి కింద లెక్క.

అతను 2014లోనే తను గే అని అందరికీ చెప్పాడని, 2019లో ఆస్ట్రేలియాలో ఆర్నాల్డ్ పోటీ గెలిచాడని తెలుసుకున్నాను. తన భర్త గురించి ఎక్కడా దాచలేదు. చెప్పినందుకు అతని బలం ఒక్క కిలో కూడా తగ్గలేదు.

మన దేశంలో పరుగు పందేల ద్యుతీ చంద్ ఉంది. ఒడిశాలో నేత పనివాళ్ల బిడ్డ. 2019లో తన ప్రేమ గురించి బయటికి చెబితే సొంత ఇంటివాళ్లే కాదన్నారు. అది చదివి తలెత్తుకోలేకపోయాను. వాళ్లు నోరు విప్పి కాదన్నారు, నేను నోరు మూసుకుని కాదన్నాను, అంతే తేడా.

ఆ రోజు నువ్వు ఇంకో మాట కూడా అన్నావు, "తెలిస్తే జిమ్‌లో నాకు స్పాట్ ఎవరిస్తారు నాన్నా" అని. నిద్ర పట్టనివ్వంది ఆ మాటే. బెంచ్ మీద బరువు రొమ్ముకు ఆనుకున్నప్పుడు తల దగ్గర ఎవరో ఒకరు ఉండాలని నాకూ తెలుసు. ముప్పై ఏళ్లు మోశాను, ఏ బస్తా కూడా నా ఒక్కడి చేత్తో భుజం మీదికి రాలేదు. ఎవరో ఒకరు కింద చెయ్యి వేసేవాళ్లు. కొందరు తప్పుకోవచ్చు నాయనా, అబద్ధం చెప్పను. అందరూ తప్పుకోరు.

మీ తాత గుర్తున్నాడా? తిరుపతి గంగమ్మ జాతరలో చీర కట్టి, గాజులు తొడిగి మాతంగి వేషం వేసేవాడు. అంత మీసాల మనిషి! ఊరంతా దండం పెట్టేది. దానికీ నీ విషయానికీ సంబంధం లేదని తెలుసు. అయినా మగాడంటే ఇట్లాగే ఉండాలని నాకు నేర్పింది ఆయన కాదు. అది నేను బయట నేర్చుకున్నదే.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదని చెప్పింది. పెళ్లికి చట్టం ఇంకా ఒప్పుకోలేదు. ఆ దిగులు నాకు ఉంది, దాచను.

మీ అమ్మకు నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట. చెప్పే రోజు నేను పక్కనే కూర్చుంటాను.

పవర్‌లిఫ్టింగ్ పోటీకి పేరు వెనక్కి తీసుకోకు. తేదీ చెప్పు, మేస్త్రీకి ముందే చెప్పి రెండు రోజులు సెలవు పెడతాను. నీ తల దగ్గర నిలబడేందుకు నన్ను లోపలికి రానిస్తారో లేదో కనుక్కో. రానివ్వకపోతే ముందు వరసలో కూర్చుంటాను.

మీ నాన్న