నాకు తెలియకుండానే పరిష్కారమైపోయిన నా ఫిర్యాదు గురించి

పాకాల,
12-1-2026

ట్రాక్టరు కంపెనీ వినియోగదారుల సేవా విభాగం ప్రధాన అధికారి గారికి,

అయ్యా,

ముందుగా మీకు అభినందనలు. నా ఫిర్యాదు పరిష్కారమైందని ఈ నెల 5న మీ దగ్గర నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు వచ్చి పరిష్కరించారో నాకు మాత్రం తెలియదు. ఆ సమయంలో నేను తోటలో, బురదలో దిగబడిన మీ ట్రాక్టరు వెనుక చక్రం కింద మామిడి కొమ్మలు పరుస్తున్నాను. ఫోను తీసి చూడడానికి చేతికున్న మట్టి పంచెకు తుడుచుకోవలసి వచ్చింది. చూశాక, ఎందుకు తుడుచుకున్నానా అనిపించింది.

విషయం చిన్నది. మాది ఏటవాలు తోట. కొమ్మల కింద దూరుతుందని 2021లో మీ చిన్న ట్రాక్టరు కొన్నాను. ఈశాన్య రుతుపవనాల వానలకు ఎర్రమట్టి జిగురెక్కితే, మందు ట్యాంకు కట్టిన ట్రాక్టరు మిట్ట ఎక్కలేక జారుతుంది. వరి మడిలో దమ్ముకు వాడే ఇనుప చక్రాలు బిగిస్తే పైపైన ఉన్న వేర్లు తెగుతాయి, వాటితో తారురోడ్డు ఎక్కకూడదు కూడా. అందుకని వెనుక టైర్లకు గొలుసులు వేద్దామని మీ విడిభాగాల కౌంటరులో అడిగాను. అక్కడి మనిషి నా టైరు వైపు తలెత్తి చూడకుండానే ఒక జత అంటగట్టాడు. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే ఆ గొలుసులు టైరు గట్ల మధ్య సందుల్లోకి జారి హాయిగా పడుకుంటున్నాయి. ఇక నేలను పట్టేదేమిటి? పైగా వదులై మడ్‌గార్డుకు కొట్టుకుని, అరచేయంత మేర రంగు లేచిపోయింది. వలలా అల్లిన రకమైతే గట్ల మీద నిలుస్తుందని దామలచెరువులో పంక్చర్లు వేసే కుర్రవాడు ఒక్క చూపులో చెప్పాడు. అతనికి మీరు జీతం ఇవ్వడం లేదు.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాను.

డిసెంబరు మొదటి వారంలో మీ ఉచిత నంబరుకు ఫోను చేశాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని పదే పదే వినిపించాక ఒక అమ్మాయి పలికింది. అంతా ఓపికగా విని, “సార్, గొలుసులు మంచు పడే ప్రాంతాలకు కదా, మీ ఊళ్లో మంచు పడుతుందా?” అని అడిగింది. పడుతుందమ్మా, మా ఊళ్లో మంచు మామిడి పూత మీద పడుతుంది, దాని వెనకే తేనెమంచు పురుగు వస్తుంది, ఆ పురుగుకు మందు కొట్టడానికే నాకు ఈ ట్రాక్టరు అని చెప్పాను. ఆమె ‘మంచు సమస్య’ అని రాసుకున్నట్టుంది. ఎందుకంటే రెండు రోజుల తరువాత ఇంకొకాయన ఫోను చేసి, చలికి ఇంజను స్టార్ట్ కావడం లేదా అని అడిగాడు.

మూడోసారి మాట్లాడినాయన నన్ను చిత్తూరు షోరూముకు వెళ్లమన్నాడు. వెళ్లాను. మీ మండలం ఇప్పుడు తిరుపతి జిల్లా కదా, అక్కడికి వెళ్లండి అన్నారు. తిరుపతిలో, కొన్నది చిత్తూరులో కదా, అక్కడే చూస్తారు అన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాకాల చిత్తూరు నుంచి తిరుపతికి మారిన మాట నిజమే. నా ట్రాక్టరును కూడా పంచుకోవలసి వస్తుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా జంక్షనులో తిరుపతి బండి ఏదో, కాట్పాడి బండి ఏదో, ధర్మవరం బండి ఏదో టీ అమ్మేవాడు కూడా చెబుతాడు. మీ కంప్యూటరుకు మాత్రం నేను ఏ వైపు మనిషినో ఇప్పటికీ అంతుపట్టలేదు.

మొత్తం పదకొండు సార్లు ఫోను చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటి నుంచి. ఎనిమిదోసారి మా ఆవిడే వంటింట్లో నుంచి, “ఈసారి నేను చెబుతాను, నాకు కంఠతా వచ్చేసింది” అంది.

ఒక మాట గుర్తు చేస్తాను. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపవలసి వచ్చిన ఏడాది కూడా నేను మీ ట్రాక్టరు వాయిదా ఆపలేదు. అప్పుడు గడువుకు మూడు రోజుల ముందే మీ వాళ్లకు నా నంబరు, ఊరు, వీధి అన్నీ తెలిశాయి. నా మాట మీద మా ఊళ్లో మరో ఇద్దరు మీ బండే కొన్నారు. ఇప్పుడు వాళ్లు నా ముఖం చూసి నవ్వుతున్నారు.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. తెలిసిన మనిషి ఒకరు వచ్చి, టైరు చూసి, మడ్‌గార్డుకు ఎంత ఎడముందో కొలిచి, సరైన గొలుసులు ఇచ్చి పాతవి తీసుకుపోవాలి. మడ్‌గార్డు సంగతి కూడా చూడాలి. ఇంకా, మంచు గురించి అడగని ఒక జవాబు, కింద ఒక మనిషి సంతకంతో కావాలి. నిజం చెప్పాలంటే ఆ సంతకమే ముఖ్యం.

పది రోజులు చూస్తాను. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, నాది ఏ జిల్లా అన్న మీ సందేహం కూడా అక్కడే తీరుతుంది. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదట. అప్పటికీ కదలకపోతే, మామిడి సీజనులో ఆ గొలుసులను ట్రాక్టరు ముందు దండలా వేసి, ఈ ఉత్తరం అతికించి దామలచెరువు మండీ గేటు దగ్గర నిలబెడతాను. చదివేవాళ్లకు అక్కడ కొదవ లేదు.

మళ్లీ ‘పరిష్కారమైంది’ అని పంపే ముందు ఒకసారి వచ్చి చూడండి. ట్రాక్టరు తోటలో మూడో వరుసలో, కొమ్మల మీదే ఉంది.

ఇట్లు,
మీకు ఎంతో ముఖ్యమైన కాల్ చేసిన రైతు